ఎకరం 70 కోట్లయితే మనం ఎక్కడ ఉండాలి?

మా నాన్న దగ్గర ఒక పాస్‌బుక్ ఉండేది. లోపల నెలనెలా కట్టిన వాయిదాల లెక్క, ప్రతి వరస చివరా ఊదారంగు స్టాంపు, దాని మీద ఎవరిదో పొట్టి సంతకం. నెలకు మూడొందల చిల్లర. నాన్న అప్పట్లో గుమాస్తా. జీతంలో దాదాపు నాలుగో వంతు ఆ వాయిదాకే పోయేది. అమ్మ ఆ పుస్తకాన్ని బీరువాలో పట్టుచీరల మడతల మధ్య దాచేది. జీతం రాగానే నాన్న దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని సైకిల్ మీద బయల్దేరడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

ఆ వాయిదాలకు వచ్చింది కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఒక ఎల్‌ఐజీ ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, ముందు కాస్త జాగా, అందులో జామచెట్టు. ఇప్పుడు కేపీహెచ్‌బీ అంటే మాల్స్, హాస్టళ్లు, ట్రాఫిక్. ఎనభైల్లో అది ఊరవతల. "అంత దూరం పోయి ఎవరుంటారు" అని బంధువులు అన్నారట. ఎల్‌ఐజీ తక్కువ ఆదాయం వాళ్లకు, ఎంఐజీ మధ్యతరగతికి, హెచ్‌ఐజీ ఇంకాస్త ఉన్నవాళ్లకు. అన్నీ పక్కపక్క వీధులే. పిల్లలందరం ఒకే గ్రౌండులో ఆడుకునేవాళ్లం. ఇప్పటికీ ఆ కాలనీలో అడ్రస్ చెప్పాలంటే ఇంటి నంబరు ముందు ఆ మూడక్షరాలు చెప్పాల్సిందే.

2025లో అదే కాలనీ నాలుగో ఫేజ్‌లో మిగిలిన 7.8 ఎకరాలను హౌసింగ్ బోర్డు వేలం వేసింది. ఎకరం 70 కోట్లు పలికింది. మొత్తం దాదాపు 547 కోట్లు. పేపర్లో ఆ వార్త చదివి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగారు. "బోర్డు పని ఇళ్లు కట్టడం కదమ్మా, జాగా అమ్ముకోవడమేంటి?"

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. నగరాల్లో ఇళ్లు అందుబాటులోకి రావాలంటే ఏం చేయాలని ఎవరైనా అడిగితే నా దగ్గర మొదటి జవాబు ఒకటే ఉంది. ప్రభుత్వం తన చేతిలో ఉన్న భూమిని అమ్మడం ఆపాలి. ఆ భూమి మీద ఇళ్లు కట్టి, వాటిని కూడా అమ్మకుండా, మామూలు జీతగాళ్లకు అద్దెకివ్వాలి. పన్నులు, వడ్డీ రాయితీలు, చట్టాలు అన్నీ అవసరమే. కానీ అవన్నీ ఈ ఒక్క పని తర్వాతే.

ముందు మా లెక్క చెబుతాను. నేనూ, మా ఆయనా ఉద్యోగాలు చేస్తాం. బాబు, అమ్మానాన్నలు, మొత్తం ఐదుగురం. 2016లో రెండు బెడ్‌రూముల ఇంటికి 12 వేలు అద్దె కట్టేవాళ్లం. ఇప్పుడు అదే పేటలో అలాంటి ఇంటికే 24 వేలు. మధ్యలో మూడు ఇళ్లు మారాం. సొంతానికి చూద్దామని వెళ్తే, మేం ఉంటున్నలాంటి ఫ్లాటు 90 లక్షలు చెప్పారు. ఇంకా కడుతున్న ఫ్లాటు కాబట్టి జీఎస్టీ 5 శాతం, అంటే నాలుగున్నర లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే ఆరు లక్షల 75 వేలు. గుమ్మంలో కాలు పెట్టకముందే ప్రభుత్వాలకు పదకొండు లక్షల పైచిలుకు. బ్యాంకు 72 లక్షలు ఇచ్చినా, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల పాటు నెలకు 62 వేలకు పైగా ఈఎంఐ. మా ఇద్దరి జీతాల్లో అది సగానికి మించి. నాన్న కట్టింది నాలుగో వంతు, అదీ ఒక్క జీతంలో.

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్న కాలంలో కూడా ఇల్లంటే ఇటుక, సిమెంటు, మేస్త్రీ కూలీలే. ఇప్పటికీ ఆ ఖర్చు మనం అనుకునేంత భయంకరంగా లేదు. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో తెలంగాణ ప్రభుత్వం కట్టిన డబుల్ బెడ్‌రూం కాలనీనే చూడండి. 2023 జూన్‌లో ప్రారంభమైంది. దాదాపు 145 ఎకరాల్లో 15,660 ఇళ్లు, ఒక్కోటి 560 చదరపు అడుగులు. లిఫ్టులు, రోడ్లు, నీళ్ల ట్యాంకులతో సహా 1,400 కోట్ల పైన ఖర్చయింది. భాగిస్తే ఇంటికి సుమారు 9 లక్షలు. ఇప్పుడు కడితే ధరలు పెరిగాయి కాబట్టి 15 లక్షలు అనుకుందాం. 15 లక్షలకు ఏడు శాతం చొప్పున వడ్డీ వేసుకుంటే నెలకు 8,750 వస్తుంది. మరమ్మతులు, వాచ్‌మన్, లిఫ్టు ఖర్చు రెండు వేలు కలిపినా పదకొండు వేల లోపే. అంటే భూమి ధర లెక్కలో లేకపోతే, ఎవరి దానం లేకుండానే, పదకొండు వేలకు రెండు గదుల ఇల్లు అద్దెకు ఇవ్వచ్చు. మిగతా భారమంతా నేలదే.

ప్రైవేటు బిల్డరు ఈ పని ఎందుకు చేయడు? మా ఓనరు ఫ్లాటు విలువ 90 లక్షలు, ఏడాదికి ఆయనకు వచ్చే అద్దె 2 లక్షల 88 వేలు. మూడు శాతం చిల్లర. బ్యాంకులో ఎనిమిదిన్నరకు అప్పు తెచ్చి, ఎకరం పదుల కోట్లకు కొని, మూడు శాతం వచ్చే అద్దె ఇళ్లు ఎవరు కడతారు? అమ్మడానికే కడతారు. అమ్మేటప్పుడు పెద్దవే లాభం. ఇందులో బిల్డర్ల దుర్మార్గం ఏమీ లేదు, ఎవరైనా అదే చేస్తారు. నేల ఖరీదు లెక్కలో వేసుకోనవసరం లేనివాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు, ప్రభుత్వం.

ఇక్కడ కొందరు ఒక మాట అంటారు. "రూల్స్ సడలించి ఎత్తుకు ఎత్తు కట్టనివ్వండి, ఇళ్లు ఎక్కువైతే రేట్లు అవే దిగుతాయి" అని. చాలా నగరాల విషయంలో అది నిజం కావచ్చు. ముంబయిలో ఎఫ్‌ఎస్‌ఐ మీద, అంటే జాగాకు ఎన్ని రెట్లు అంతస్తులన్నీ కలిపి కట్టచ్చన్న పరిమితి మీద, దశాబ్దాలుగా నడుస్తున్న గొడవ చూస్తే వాళ్ల మాటలో బలముందనిపిస్తుంది. కానీ హైదరాబాద్ ఆ సడలింపు ఎప్పుడో చూసింది. 2006లో జీవో 86తోనే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి తీసేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే జాగా, ఫైర్ రూల్స్ సరిపోతే ఎన్ని అంతస్తులైనా లేపచ్చు. లేచాయి కూడా. కోకాపేట వెళ్లి తలెత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది. ఆ టవర్లలో మామూలు జీతగాడికి సరిపోయే రెండు గదుల ఇల్లు వెతకండి. ఎకరానికి అన్ని కోట్లు పోసినవాడు చిన్న ఇళ్లు కట్టలేడు. ఎత్తు పెరిగే కొద్దీ ఆ ఎకరం నుంచి ఎంత పిండుకోవచ్చో లెక్కేసుకుని భూమి ధర కూడా దానితోపాటే పెరిగింది. ఎత్తుకు అనుమతి ఉండటం మంచిదే, నేను కాదనను. అదొక్కటే చాలదు.

వేలం పాటకు ఇంకో గుణం ఉంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌లో ప్రభుత్వ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ 45.33 ఎకరాలు వేలం వేస్తే ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లకు పోయింది. మొత్తం ఆదాయం 3,319 కోట్లు. ఖజానాకు అది పండగే. కానీ ఆ వారం మా ఆఫీసులో ఒకాయన, నార్సింగిలో తనకున్న రెండొందల గజాల ప్లాటు బేరం చివరి నిమిషంలో ఆపేశాడు. "కోకాపేట వంద దాటింది, ఇప్పుడెందుకు అమ్మాలి" అని. ఆ ఒక్క పాటతో చుట్టుపక్కల నేలంతటికీ కొత్త రేటు వచ్చినట్టయింది. ప్రభుత్వమే ఊళ్లో అందరికంటే ఎక్కువ ధరకు నేల అమ్మేవాడిలా నిలబడితే, మళ్లీ అదే ప్రభుత్వం చవక ఇళ్లు ఇస్తానంటే ఎలా కుదురుతుంది?

ఇక నా వాదనకు ఎదురయ్యే గట్టి ప్రశ్నకు వస్తాను. దీన్ని తప్పించుకోవడం నాకిష్టం లేదు. కొల్లూరు లెక్కన ఎకరానికి 108 ఇళ్లు పడతాయి. కేపీహెచ్‌బీలో అమ్మిన 7.8 ఎకరాల్లో 840 ఇళ్లు వచ్చేవి. అదే భూమిని అమ్మగా వచ్చిన 547 కోట్లతో, కొల్లూరు నాటి ఖర్చు ప్రకారం ఇంటికి 9 లక్షల చొప్పున ఊరి చివర ఆరు వేల ఇళ్లు కట్టచ్చు. 840 కుటుంబాలా, ఆరు వేల కుటుంబాలా? కాగితం మీద చూస్తే అమ్మడమే న్యాయంగా కనిపిస్తుంది.

ఈ ప్రశ్నకు నాకు జవాబు చెప్పింది మా ఇంటికి వంటకొచ్చే అక్క. ఆమెకు లాటరీలో డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చింది, రింగ్ రోడ్డు అవతల. తాళం ఇచ్చిన రోజు నేనూ తోడు వెళ్లాను. ఐదో ఫ్లోరు. గోడలకు పచ్చి సున్నం వాసన. అక్క ప్రతి కిటికీ తీసి చూసింది, కుళాయి తిప్పింది, బాత్రూం టైల్స్ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉంది. "అమ్మా, ఇల్లు బంగారంలా ఉంది" అంది. ఆ తర్వాత కిందికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. ఆమె పనిచేసేది నాలుగిళ్లలో, మొదటి ఇంటికి పొద్దున ఆరింటికి చేరాలి. రెండు బస్సులు మారి మా పేటకు రావడానికి ఆ రోజు మాకు దాదాపు రెండు గంటలు పట్టింది. ఆమె రెండు నెలలు అక్కడ ఉండి చూసింది. రెండిళ్ల పని పోయింది. పిల్లాడి స్కూలు ఇక్కడే. ఇప్పుడు ఆ బంగారంలాంటి ఇంటికి తాళం వేసి, మూసాపేటలో ఒక్క గదికి ఏడు వేలు అద్దె కడుతోంది.

"ఇల్లిచ్చినా ఉండరు వీళ్లు" అని పెద్ద మాటలు అనేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. ఆమె ఉండాలనే వెళ్లింది. ఇల్లంటే నాలుగు గోడలతో పాటు పనికి వెళ్లే దారి కూడా. కేపీహెచ్‌బీలో మెట్రో స్టేషన్ ఉంది, బస్సులున్నాయి, పని ఇళ్లున్నాయి, స్కూళ్లున్నాయి, ఆసుపత్రులున్నాయి. అక్కడ ఒక ఇల్లు, ఊరి చివర ఏడిళ్లకు సమానమని నేనను. కానీ తాళం పడే ఏడిళ్ల కంటే దీపం వెలిగే ఒక ఇల్లు నయం. పైగా ఆ 547 కోట్లతో నిజంగా ఆరు వేల ఇళ్లు కడతారని ఎవరు హామీ ఇచ్చారు? ఖజానాలో కలిసిన డబ్బుకు పేరుండదు. అమ్మిన నేల మాత్రం మళ్లీ తిరిగిరాదు.

మాటలో మాట. 2023 డిసెంబరు 9న మహిళలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం మొదలైంది. దాన్ని ఎవరు ఏమన్నా, నా దృష్టిలో అది ఇళ్ల పథకం కూడా. అక్కలాంటి వాళ్లకు ఇంటి అద్దె, బస్సు ఖర్చు రెండూ ఒకే సంచిలోంచి పోతాయి. కాకపోతే టికెట్టు లేనంత మాత్రాన గంట అరగంట కాదు కదా. ఆ కాలనీలకు పొద్దున నాలుగున్నర నుంచి బస్సు వేస్తే, కొత్తగా ఒక్క ఇటుక పేర్చకుండానే కొన్ని వందల ఇళ్ల తాళాలు తీయచ్చు.

ఇప్పుడు మా ఎల్‌ఐజీ ఇల్లు ఏమైందో చెప్పాలి. 2003లో అమ్మేశాం. మా సొంత అక్క పెళ్లి అప్పులు, వెంటనే అమ్మకు ఆపరేషన్. నాన్నకు వేరే దారి లేకపోయింది. కొన్నవాళ్లు జామచెట్టు కొట్టేసి ఐదంతస్తులు లేపారు. ఇప్పుడది లేడీస్ హాస్టల్. ఆ ఇల్లు మా కుటుంబాన్ని ఇరవై ఏళ్లు కాపాడింది, మా చదువులు అందులోనే అయ్యాయి. అందుకు ఆ బోర్డుకు మేం జన్మంతా రుణపడి ఉంటాం. కానీ మా తర్వాత ఇంకో గుమాస్తా కుటుంబానికి అది దొరకలేదు. ప్రభుత్వం చవగ్గా కట్టి ఒక్కసారి అమ్మిన ఇల్లు ఒక్క తరానికే చవక. మన ప్రభుత్వాలు పార్టీలకు అతీతంగా చేస్తున్నది ఇదే. డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఉచితంగా రాసిచ్చారు. ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలు ఇస్తున్నారు, అదీ ముందు సొంత జాగా ఉన్నవాళ్లకు. హైదరాబాద్‌లో అద్దెకుండే కూలీకి జాగా ఎక్కడుంటుంది? సొంత ఇల్లు అనే ఒక్క కల చుట్టూనే పథకాలన్నీ తిరుగుతున్నాయి. అద్దెకు ఉండేవాడు ఎప్పటికో సొంతింటివాడు అవుతాడన్న లెక్కతో, అప్పటిదాకా అతని బతుకు ఎవరికీ పట్టదు.

అందుకే నేను అద్దె ఇళ్లు అంటున్నాను. నగరం నడిబొడ్డున ఉన్న హౌసింగ్ బోర్డు జాగాలు, బస్ డిపోల మీది ఆకాశం, పాతబడిన ప్రభుత్వ క్వార్టర్లు, వీటిని అమ్మకుండా 99 ఏళ్ల లీజుకివ్వచ్చు. బిల్డరు కట్టుకోవాలి, మూడింట రెండు వంతులు తను నడుపుకోవాలి, మూడో వంతు ఇళ్లు ప్రభుత్వానికి అద్దె ఇళ్లుగా అప్పగించాలి. నేల ఎప్పటికీ ప్రజలదే. సింగపూర్‌లో 1960లో మొదలైన హౌసింగ్ బోర్డు అక్కడ ఇళ్లను 99 ఏళ్ల లీజు మీదే ఇస్తుంది, అక్కడివాళ్లలో దాదాపు 80 శాతం మంది ఆ ఇళ్లలోనే ఉంటారు. వాళ్ల రాజకీయం వేరు, మన రాజకీయం వేరు, అది మక్కీకి మక్కీ ఇక్కడ దిగదు. లీజు అన్న ముక్క మాత్రం దిగుతుంది.

ప్రభుత్వ క్వార్టర్ల సంగతి నాకు తెలుసు. పెచ్చులూడిన శ్లాబులు, ఆగిపోయిన లిఫ్టులు, ఏళ్ల తరబడి అద్దె కట్టని పలుకుబడి గలవాళ్లు. అందుకే అద్దె నామమాత్రంగా పెట్టకూడదు. ముందు వేసిన లెక్క ప్రకారం పది, పదకొండు వేలు వసూలు చేయాలి, అందులో మరమ్మతుల వాటా ఆ భవనం ఖాతాలోనే ఉండాలి, ఇంకో పథకానికి మళ్లించకూడదు. అంత కట్టలేని వంటక్కలాంటి వాళ్లకు తేడా ప్రభుత్వం ఇవ్వాలి. లాటరీ మాత్రం బహిరంగంగా జరగాలి, నాన్న కాలంలో జరిగినట్టు.

కేంద్రం దగ్గర ఈ ఆలోచన ఒకప్పుడు వచ్చింది. కరోనా లాక్‌డౌన్‌లో వలస కూలీలు వందల మైళ్లు నడిచి వెళ్లాక, 2020 జులైలో ఖాళీ ప్రభుత్వ ఇళ్లను అద్దెకిచ్చే పథకం తెచ్చారు. చండీగఢ్, సూరత్ లాంటి చోట్ల కొన్ని ఇళ్లు అలా ఇచ్చారు. 2024లో మొదలైన పీఎం ఆవాస్ యోజన రెండో విడతలోనూ అద్దె ఇళ్ల విభాగం ఉంది. కానీ అందరి చూపూ వడ్డీ రాయితీ మీదే. దాని షరతులు చూడండి. ఇంటి విలువ 35 లక్షలు మించకూడదు. జీఎస్టీ ఒక్క శాతమే పడాలంటే, హైదరాబాద్ లాంటి మెట్రోలో ఇల్లు 60 చదరపు మీటర్లు, 45 లక్షల లోపు ఉండాలి. ఆ 45 లక్షల గీత 2019 ఏప్రిల్‌లో గీసింది. ధరలు ఎక్కడికో పోయాయి, గీత అక్కడే ఉంది. దాన్ని ఊరిని బట్టి, ఏడాదిని బట్టి మార్చాలి. మొదటి ఇల్లు, అదీ చిన్న ఇల్లు కొనేవాళ్లకు ఆ ఏడున్నర శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు సగం చేయాలి. మూడో ఇల్లు, నాలుగో ఇల్లు కొనేవాళ్ల దగ్గర ఆ తేడా రాబట్టుకోవచ్చు.

ఇక ఉన్న ఇళ్లు. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా తేలాయి. ఓనర్లతో మాట్లాడితే కారణం తెలుస్తుంది. అద్దెకొచ్చినవాడు ఖాళీ చేయకపోతే కోర్టులో ఎన్నేళ్లు పడుతుందో అని వాళ్ల టెన్షన్. రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికి అందరూ పదకొండు నెలల అగ్రిమెంటు రాస్తారు. దాంతో ప్రతి పదకొండు నెలలకూ గుండె చేత్తో పట్టుకుని కూర్చోవడం మా వంతు. 2021 జూన్‌లో కేంద్రం ఆమోదించిన మోడల్ అద్దె చట్టంలో అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదని, తగాదాలకు ప్రత్యేక అద్దె కోర్టులు పెట్టాలని ఉంది. ఇద్దరికీ మేలు చేసేదే. దాన్ని ప్రతి రాష్ట్రం తన చట్టం చేసుకోవాలి. నేనైతే అందులో ఇంకో మాట చేర్చమంటాను. టు-లెట్ బోర్డు కింద "వెజ్ ఓన్లీ" అని రాసి, ఫోన్లో "మీరేమట్లు?" అని కులం అడిగి, పేరు విని ఇల్లు లేదనడం నేరం కావాలి. అద్దె ఎంత దిగినా, గుమ్మం దగ్గరే ఆపేస్తే ఆ ఇల్లు అందుబాటులో ఉన్నట్టు కాదు. ముస్లిం స్నేహితురాలితో కలిసి ఇళ్లు చూడటానికి తిరిగిన రెండు ఆదివారాలు నేను మర్చిపోలేను. పదకొండు ఇళ్లలో తొమ్మిది, ఆమె పేరు చెప్పాకే "ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చారు" అయ్యాయి.

వచ్చే నెల మా అగ్రిమెంటు అయిపోతుంది. ఓనరు మూడు వేలు పెంచమన్నారు, కుదరకపోతే ఖాళీ చేయమన్నారు. నిన్న సాయంత్రం నాన్నా, నేనూ ఇళ్లు చూడటానికి బయల్దేరాం. మా పాత ఇల్లున్న వీధిలో, హాస్టల్‌కు రెండిళ్ల అవతల టు-లెట్ బోర్డు కనిపించింది. ఫోన్ చేశాను. రెండో ఫ్లోరు, 26 వేలు, మెయింటెనెన్స్ వేరు. ఎంతమంది ఉంటారని అడిగారు. ఐదుగురం అన్నాను. పెద్దవాళ్లున్నారా, నీళ్లు ఎక్కువ అవుతాయి, నలుగురి దాకానే ఇస్తాం అన్నారు. నాన్న అప్పటికే గేటు దాటి లోపలికెళ్లి, మెట్ల పక్కన నిలబడి పైకి చూస్తున్నారు.